మినహాయింపు అడిగే ముందు

అమెరికాలో చిన్న ఎలక్ట్రిక్ కారో, సరుకు బండో తయారుచేద్దామని కంపెనీ పెట్టుకున్న మన తెలుగు ఇంజినీర్లతో ఈరోజు మాట్లాడాలనుకుంటున్నాను. మోటారు, బ్యాటరీ, సాఫ్ట్‌వేర్ మీకు కొట్టిన పిండే. చిక్కంతా ఫెడరల్ భద్రతా ప్రమాణాల దగ్గర వస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు, "ఫెడరల్ నిబంధనల్లోని పార్ట్ 555 కింద మినహాయింపు అడగండి, అయిపోతుంది" అని సలహా ఇస్తారు. అంత సులువుగా ఏమీ అవదు. అవకూడదు కూడా.

ఇండియాలో అయితే పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థ బండిని పరీక్షించి ఆమోదించాలి. అమెరికాలో అలా కాదు. ప్రమాణాలన్నిటికీ తన బండి సరిపోతుందని తయారీదారే ధ్రువీకరిస్తాడు. తప్పని తేలితే భారం మొత్తం ఆయన మీదే పడుతుంది. అందుకే ఏ ప్రమాణాన్నయినా ఇప్పట్లో అందుకోలేమని తెలిస్తే, బండి అమ్మకముందే వాహన భద్రతా సంస్థ నిట్సాకు పిటిషన్ పెట్టుకోవాలి.

అసలు మీకు మినహాయింపు అవసరమా అన్నది మొదట చూసుకోండి. మూడు చక్రాల బండి అక్కడి ఫెడరల్ చట్టం లెక్కలో మోటార్‌సైకిల్. కార్లకున్న నిబంధనల్లో చాలావాటికి దానితో పని లేదు. గంటకు 25 మైళ్లు దాటని నాలుగు చక్రాల చిన్న బండికి 1998 నుంచీ విడిగా ఒక ప్రమాణం ఉంది. మీ బండి ఆ కోవలోకి వస్తే పిటిషన్ ఊసే అక్కర్లేకపోవచ్చు.

అవసరమే అనుకుందాం. చిన్న కంపెనీలు ఎక్కువగా పట్టుకునే కారణం ఆర్థిక ఇబ్బంది. ఏడాదికి 10,000 బండ్లకు మించి తయారుచేయని కంపెనీకి 3 ఏళ్ల వరకు గడువు దొరుకుతుంది. కాలుష్యం తక్కువ బండిని అభివృద్ధి చేస్తున్నామన్న కారణంతో అడిగితే 2 ఏళ్లే ఇస్తారు. 12 నెలల్లో 2,500 బండ్లు మించకూడదు.

టెస్లా రోడ్‌స్టర్ సంగతి చూడండి. 2008లో టెస్లాకు ఆర్థిక ఇబ్బంది కింద 3 ఏళ్ల మినహాయింపు వచ్చింది. కారులో ఎయిర్‌బ్యాగులు లేవని కాదు. ముందు సీట్లో చిన్నపిల్లలున్నా, పొట్టివాళ్లు దగ్గరగా కూర్చున్నా వాళ్లకు దెబ్బ తగలకుండా చూసుకునే అధునాతన ఎయిర్‌బ్యాగుల నియమం వరకే అడిగారు. అంత వరకే అడగడం మంచి పద్ధతి. కానీ ఆ నియమం ఎందుకు వచ్చిందో మరవకండి. 1990లలో ప్రాణం కాపాడాల్సిన ఎయిర్‌బ్యాగే తగిలి పిల్లలు చనిపోయారు. ప్రతి నిబంధన వెనకా ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. అది తెలుసుకోకుండా పిటిషన్ రాయొద్దని నా మనవి.

న్యూరో సంస్థ మనుషులు ఎక్కని డెలివరీ బండికి అద్దాలూ విండ్‌షీల్డూ ఎందుకని అడిగింది. లోపల చూసేవాళ్లే లేరు కాబట్టి ఆ వాదన నిలబడింది. 2020లో 2 ఏళ్ల మినహాయింపు దొరికింది. నిబంధన కాపాడదలచిన మనిషి బండిలో ఉన్నాడా లేడా అన్న ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పగలిగితే సగం పని అయినట్టే.

బ్యాటరీ జోలికి మాత్రం వెళ్లకండి. షాక్ నుంచి రక్షణ, ఢీకొన్నాక విద్యుత్తు వేరుపడటం, బ్రేకులు, సీటు బెల్టులు, వీటిలో సడలింపు అడగాలన్న ఆలోచన కూడా వద్దు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ తరువాత వచ్చిన కఠిన బ్యాటరీ నిబంధనలను అక్టోబరు 1 నుంచి అమలు చేస్తామన్న కేంద్రం, తయారీదారులకు వెసులుబాటుగా డిసెంబరు 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత అని మార్చింది. కంపెనీలకు గడువు కావాలి, ఒప్పుకుంటాను. అయితే ఆ గడువులో మంటల భయం మోసేది కొనుక్కున్న కుటుంబం.

ఆర్థిక ఇబ్బంది కింద వేసే పిటిషన్‌లో ఏం చూపించాలంటే, 3 ఏళ్ల జమాఖర్చుల లెక్కలు, నిబంధన పాటిస్తే అయ్యే ఖర్చు, ఇప్పటిదాకా చేసిన ప్రయత్నం. సప్లయర్లను అడిగిన ఉత్తరాలు, పరీక్షల ఫలితాలు జతచేయండి. గడువులోగా ఎలా దారికొస్తారో నెలల వారీగా రాయండి. డబ్బు లేదన్న ఒక్క మాట చాలదు, నిజాయితీగా ప్రయత్నించామని రుజువు కావాలి. పిటిషన్ సంగతి ఫెడరల్ రిజిస్టర్‌లో అచ్చవుతుంది, ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. వ్యాపార రహస్యాలుంటే గోప్యంగా ఉంచమని ముందే కోరండి.

మినహాయింపు దొరికాక, ఏ ప్రమాణానికి బండి సరిపోదో తెలిపే లేబుల్ అద్దం మీద అంటించాలి. షోరూంలో మీరు కూడా నోటితో చెప్పండి. గడువు పొడిగించుకోవాలంటే ముగియడానికి కనీసం 60 రోజుల ముందు అర్జీ చేరాలి. అలా చేరితే నిర్ణయం వచ్చేదాకా పాత మినహాయింపు నడుస్తుంది. ఆలస్యమైతే ముగింపు తేదీ తరువాత తయారైన ఒక్క బండినీ ఆ కాగితంతో అమ్మలేరు.