పాలపళ్లు వచ్చే వేళ పసిబిడ్డ ఏడుపు
(కెలమంగలంలో తల్లుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కెలమంగలంలో తెలుగులో ప్రసంగించడానికి సంజాయిషీ అవసరం లేదు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపించే సీమ ఇది. ఇక్కడే తరతరాలుగా ఉన్న తెలుగువారు కొందరైతే, హోసూరు కర్మాగారాలలోనో చుట్టుపక్కల గులాబీ తోటలలోనో పని కోసం కుప్పం, పలమనేరు, హిందూపురం వైపుల నుండి వచ్చినవారు మరికొందరు. వచ్చినవారిలో చాలామందికి ఒక్క గదే ఇల్లు. భర్తకు రాత్రి షిఫ్టు. పక్క గోడకు ఆవల తెల్లవారుజామునే లేచి పనికి పోవలసిన మరో కుటుంబం. అట్టి ఇంట్లో అర్ధరాత్రి ఏడు నెలల బిడ్డ ఏడుపు మొదలుపెట్టి ఆపకపోతే ఆ తల్లి పడే వేదన మీలో చాలామందికి అనుభవమే. ఊళ్లో ఉంటే అత్తగారో అమ్మో బిడ్డను అందుకొనేవారు. ఇక్కడ ఆ చేతులు లేవు. అందుచేత ఏడుపు ఎట్లాగైనా ఆగితే చాలుననే తొందర కలుగుతుంది. ఆ తొందరలో మనం చేసే రెండు పొరపాట్లను గురించి చెప్పడమే నా నేటి ఉద్దేశం. మొదటిది, బిడ్డకు వచ్చిన ప్రతి బాధను పళ్ల మీదికి నెట్టడం. రెండవది, ఏడుపు ఆపడానికి చేతికి అందిన మందునల్లా నోట్లో వేయడం.

ముందుగా పళ్ల సంగతి. చాలామంది బిడ్డలకు ఆరు నెలల ప్రాంతంలో మొదటి పన్ను కనిపిస్తుంది. కొందరికి నాలుగవ నెలలోనే రావచ్చు, కొందరికి ఏడాది నిండిన తరువాతనూ రావచ్చు. సాధారణంగా కింది దవడ ముందు పళ్లు రెండూ మొదట వస్తాయి, తరువాత పై ముందు పళ్లు. మూడేళ్లు నిండేసరికి 20 పాలపళ్లూ పూర్తి అవుతాయి. పన్ను చిగురును చీల్చుకొని వచ్చేటప్పుడు చిగురు ఎర్రబడి కొంచెం ఉబ్బుతుంది. బిడ్డ చొంగ కారుస్తుంది, దొరికినదల్లా కొరుకుతుంది, చిరాకు పడుతుంది, నిద్ర చెడుతుంది, తిండి కొంత తగ్గుతుంది. ఇవి నిజమైన బాధలే, కాని చిన్న బాధలు.

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 125 మంది బిడ్డలకు పళ్లు వచ్చే తీరును వారి తల్లిదండ్రుల చేత రోజూ రాయించి, 2000 సంవత్సరంలో ఫలితాలు ప్రచురించారు. పన్ను బయటపడడానికి నాలుగు రోజుల ముందు నుండి, బయటపడిన తరువాత మూడు రోజుల వరకు, అంటే మొత్తం ఎనిమిది రోజులు మాత్రమే ఈ చికాకులు కొంచెం ఎక్కువగా కనిపించాయి. ఎక్కువ జ్వరానికి, విరేచనాలకు, వాంతులకు పళ్లతో సంబంధం కనిపించలేదు.

మరి పళ్లు వచ్చే వేళకే జ్వరాలు, విరేచనాలు ఎందుకు వస్తాయని అవ్వలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆరవ నెల దాటేసరికి మూడు మార్పులు ఒక్కసారి జరుగుతాయి. తల్లి కడుపులో ఉండగా బిడ్డకు సంక్రమించిన రోగనిరోధక శక్తి తగ్గిపోతుంది. తల్లిపాలతో పాటు జావ, అన్నం, నీళ్లు మొదలవుతాయి. బిడ్డ పాకుతూ నేల మీద దొరికిన ప్రతి వస్తువునూ నోట్లో పెట్టుకొంటుంది. కాబట్టి సూక్ష్మక్రిములు ప్రవేశించే కాలమూ, పళ్లు వచ్చే కాలమూ ఒకటే అయింది. కలిసి వచ్చినవన్నీ ఒకదాని వల్ల మరొకటి వచ్చినవి కావు.

ఈ పొరపాటు మన ఊరిది మాత్రమే కాదు. 1839లో ఇంగ్లండు, వేల్సు దేశాలలో ఐదువేలకు పైగా పసిపిల్లల మరణాలకు కారణం పళ్లు రావడమేనని రికార్డులలో రాసుకొన్నారు. ఆ బిడ్డలలో అనేకులను తీసుకుపోయినవి వేరే జబ్బులు. పళ్ల పేరు పెట్టడం వల్ల అసలు జబ్బును వెదికేవారు లేకపోయారు. ఆ దేశంలోనే పళ్ల పొడి పేరిట పాదరసం కలిసిన మందును బిడ్డలకు తినిపించారు. చేతులు, కాళ్లు గులాబీరంగుకు తిరిగి బిడ్డలు నరకయాతన పడిన వ్యాధికి ఆ పొడియే కారణమని తేలి, అమ్మకం ఆగడానికి 1950ల దాకా పట్టింది.

మన దేశంలో 1920ల నాటి బొంబాయిని తలచుకోండి. మిల్లు పనికి పోయే తల్లులు తాము తిరిగి వచ్చేదాకా బిడ్డ నిద్రపోవాలని నల్లమందు మాత్రలు వేసేవారు. వారు చెడ్డ తల్లులు కారు. బిడ్డను చూసే చేతులు లేని తల్లులు. మన వంటి వలస తల్లులే.

ఇటీవలి సంగతులు కూడా వినండి. 2008 చివరలో నైజీరియాలో పళ్ల బాధకు అమ్మిన ఒక సిరపులో డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషద్రావకం కలిసింది. ఆ మందు వల్ల 84 మంది బిడ్డలు చనిపోయినట్లు అక్కడి అధికారులు లెక్కతేల్చారు. 2025లో మన తమిళనాడులోనే కాంచీపురం జిల్లాలో తయారైన దగ్గు సిరపులో అదే విషం ఉండి, మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో 20 మందికి పైగా పిల్లలు మూత్రపిండాలు చెడి మరణించారు. సీసా మీద చీటీ ఎంత అందంగా ఉన్నా, వైద్యుడు రాయని సిరపు బిడ్డ నోటికి పోరాదు.

చిగుళ్లకు రాసే జెల్లులు కొన్నింటిలో బెంజోకైన్ అనే తిమ్మిరి మందు ఉంటుంది. అది రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తిని తగ్గించవచ్చు. అప్పుడు బిడ్డ పెదవులు నీలివర్ణానికి తిరిగి ప్రాణాపాయం కలుగుతుంది. రెండేళ్లలోపు బిడ్డలకు దానిని వాడరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో గట్టిగా హెచ్చరించింది. లిడోకైన్ జెల్లు కూడా అంతే. గొంతు మొద్దుబారితే బిడ్డ పాలు సరిగా మింగలేదు. తేనెను ఏడాది నిండేవరకు నాలుకకు కూడా తగిలించరాదు, అందులో ఉండే ఒక క్రిమి పసిబిడ్డ నరాలను పట్టివేయగలదు. బ్రాందీ చుక్క అసలే వద్దు. వసకొమ్ము అరగదీసి నాకించే అలవాటు మన ఇళ్లలో ఉంది. అవ్వలు నొచ్చుకోవద్దు. ఆ రాయి మీద ఎంత అరిగిందో, ఎంత లోపలికి పోయిందో చెప్పగలవారు లేరు. వస ముక్కలు, పూసలు గుచ్చిన దండలు, చేతి కట్లు తెగితే ఊపిరి గొట్టానికి అడ్డుపడతాయి. బిడ్డ కొరికే వయసులో వాటిని తీసివేయండి.

మరి ఏమి చేయాలి? చేయదగినది తక్కువే, కాని అది పనిచేస్తుంది.

ముందు మీ చేతులు సబ్బుతో కడగండి. గులాబీ తోటలలో పనిచేసేవారు పురుగుమందు తగిలిన బట్టలు మార్చి, మోచేతుల దాకా కడిగిన తరువాతే బిడ్డను ఎత్తుకోవాలి. తరువాత శుభ్రమైన చూపుడువేలితో బిడ్డ చిగురును ఒకటి రెండు నిమిషాలు మెల్లగా ఒత్తండి. కాచి చల్లార్చిన నీటిలో మెత్తని నూలుబట్ట తడిపి పిండి, ఫ్రిజ్‌లో కొంతసేపు ఉంచి కొరకనివ్వండి. ఫ్రిజ్ లేకపోతే ఆ కాచిన నీటినే మూత ఉన్న గిన్నెలో పోసి, మట్టి కుండలోని నీటిలో నిలిపి చల్లబరచండి. బట్టను మీ చేత్తో పట్టుకొనే ఉండాలి. కొరికే బొమ్మ కొనదలిస్తే గట్టి రబ్బరుతో, ఒకే ముక్కగా ఉన్నది కొనండి. లోపల ద్రవం ఉన్నది వద్దు. గడ్డ కట్టించి ఇవ్వవద్దు, మంచు చిగురును కాలుస్తుంది. ఆరు నెలలు నిండిన బిడ్డకు చల్లారిన రాగి జావ, పెరుగు, మెదిపిన అరటిపండు హాయిగా ఉంటాయి. పచ్చి క్యారెట్టు ముక్క ఇవ్వవద్దు, విరిగి గొంతుకు అడ్డుపడుతుంది. పాలు ఎప్పటిలా ఇవ్వండి. చొంగను మెత్తని బట్టతో అద్దుతూ ఉంటే గడ్డం కింద చర్మం ఒరవదు.

ఇన్నీ చేసినా బాధ తగ్గకపోతే వైద్యుని అడిగి పారాసిటమాల్ ఇవ్వవచ్చు. మోతాదు బిడ్డ వయసును బట్టి కాదు, బరువును బట్టి. చుక్కల మందు, సిరపు ఒకే బలం కలవి కావు. సిరపులలోనే 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు ఉన్నదీ, 250 మిల్లీగ్రాములు ఉన్నదీ అమ్ముతారు. పక్కింటి సీసా తెచ్చి అదే కొలతలో పోస్తే మోతాదు రెట్టింపు కావచ్చు.

ఇక బిడ్డను ఎత్తుకొన్నవారి సంగతి. ఎంత జోకొట్టినా ఆగని ఏడుపు మనిషిని పిచ్చివారిని చేస్తుంది. ఆ క్షణంలో బిడ్డను పట్టుకొని ఊపివేయాలనిపిస్తే, అది మీలోని దుర్మార్గం కాదు, అలసట. కాని పసిబిడ్డను విదిలించి ఊపితే మెదడులో రక్తం చిమ్మి ప్రాణం పోవచ్చు, చూపు పోవచ్చు. అట్టి సమయంలో బిడ్డను చదునైన చోట వెల్లకిల పడుకోబెట్టి, పది నిమిషాలు గడప బయట నిలబడండి. ముఖం కడుక్కోండి. ఆ పది నిమిషాల ఏడుపు బిడ్డకు హాని చేయదు. తండ్రులారా, షిఫ్టు ముగించి వచ్చిన తరువాత ఒక గంట మీ వంతు. పక్క గదివారితో పగటిపూటే ఒక మాట చెప్పి ఉంచండి: “మా బిడ్డకు పళ్లు వస్తున్నాయి, రాత్రులు కొంచెం ఓర్చుకోండి” అని. గోడ తట్టేవారే ఒక రాత్రి తలుపు తట్టి బిడ్డను అందుకొనవచ్చు.

చివరిగా, పళ్ల ఏడుపు కానిది ఏదో గుర్తుపెట్టుకోండి. పళ్ల బాధతో ఏడ్చే బిడ్డ ఎత్తుకొంటే కొంతసేపైనా ఊరడిల్లుతుంది, మధ్యమధ్య ఆడుకొంటుంది. బిడ్డ పాలు తాగలేకపోయినా, తాగినదంతా కక్కినా, మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి ఎగబోసినా, నడినెత్తి ఉబ్బినా, గుంటపడినా, ఆరేడు గంటలు మూత్రం పోయకపోయినా ఆలస్యం చేయరాదు. మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా ఆస్పత్రికే. పెద్ద బిడ్డలకు జ్వరం 102 డిగ్రీలు దాటినా, ఒక రోజుకు మించి నిలిచినా చూపించండి. ఉండి ఉండి కెవ్వుమని అరిచి, కాళ్లు పొట్టకు ముడుచుకొని, మలంలో రక్తం కనిపిస్తే, పేగులో పేగు దూరి ఉండవచ్చు. అది గంటల మీద ప్రాణం తీసే జబ్బు, అదీ ఈ వయసులోనే ఎక్కువ. విరేచనాలు అవుతుంటే పాలు ఆపకుండా ఓఆర్‌ఎస్ నీళ్లు తాగించి ఆరోగ్య కేంద్రానికి తీసుకురండి. జింకు మందు అక్కడ ఇస్తారు.

కొత్తగా వచ్చినవారు ఆస్పత్రిలో భాష తెలియక జంకవద్దు. జ్వరాన్ని తమిళంలో కాయ్చల్ అంటారు, విరేచనాలను వయిట్రుప్పోక్కు, వాంతిని వాంది, ఫిట్స్‌ను వలిప్పు అంటారు. ఈ నాలుగు మాటలు గోడ మీద రాసి పెట్టుకోండి. వాటి పక్కనే అంబులెన్సుకు 108 అని, వైద్య సలహాకు 104 అని రాయండి. “పళ్లు వస్తున్నాయి” అని మీరే తీర్పు చెప్పి వైద్యుని దారి తప్పించకండి. ఏమి చూశారో, ఎప్పటి నుండో చెప్పండి.

పన్ను దానంతట అదే వస్తుంది. దానిని తొందరపెట్టే మందు లేదు, అవసరమూ లేదు. అంతవరకు బిడ్డకు కావలసినవి చల్లని బట్ట, శుభ్రమైన వేలు, విసుగును దాటిన ఒక ఒడి. ఆ ఒడికి అలసట వచ్చినప్పుడు అందుకొనే మరో ఒడిని సిద్ధం చేసుకోవడం మనందరి బాధ్యత. సెలవు.