డిఎన్‌ఏ నకలు – ఎంజైముల పని
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

రెండేళ్ల కిందట మన బ్యాచ్ మిత్రుడొకడు ఫోన్ చేశాడు. మనవరాలికి రక్త క్యాన్సర్. మందులతో తేరుకుంది, ఆడుకుంటోంది. "ఇంకా ఆ మాత్రలెందుకురా, మానేద్దామా?" అన్నాడు. ఆ రోజు వాడికి చెప్పిందే ఇవాళ మీకూ చెబుతాను.

త్రిపురాంతకం బడిలో మనమంతా మార్కాపురం పలక మీద దిద్దినవాళ్లమే. మన ఒంట్లో ఒక కణం రెండు కావాలంటే ముందు తన డిఎన్‌ఏకు నకలు రాసుకోవాలి. ఉన్నవి నాలుగే అక్షరాలు: ఎ, టి, జి, సి. కానీ ఒక్కో కణంలో 600 కోట్లకు పైగా అక్షరాల జతలుంటాయి. ఈ రాతపని ఎంజైములది. హెలికేజ్ మెలిక తిరిగిన రెండు పోగులను విడదీస్తుంది. ప్రైమేజ్ రాత ఎక్కడ మొదలవ్వాలో అక్కడ చిన్న ముక్క పెడుతుంది. పాలిమరేజ్ ఎ ఎదుట టి, జి ఎదుట సి పేర్చుకుంటూ పోతుంది. తప్పు పడితే మనం పలక తుడిచినట్టు ఆ అక్షరం తీసేసి మళ్లీ రాస్తుంది. ఒక పోగు మీద నకలు ముక్కలుగానే తయారవుతుంది. ఆ ముక్కలను లైగేజ్ అతుకుతుంది. తొలి పాలిమరేజ్‌ను బాక్టీరియాలో కనుగొన్న ఆర్థర్ కోర్న్‌బర్గ్‌కు 1959లో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే అక్షరాలే అందకపోతే ఎంజైములు ఏం రాస్తాయి? టి తయారీకి ఫోలిక్ యాసిడ్ కావాలి. దాన్ని పనికొచ్చే రూపంలోకి మార్చడానికి ఇంకో ఎంజైము ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ మీద పనిచేశారు. అచ్చం దానిలాగే ఉండి ఆ ఎంజైమును పట్టి ఆపేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ మందులు ఆయన బృందం నుంచి వచ్చినవే. అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి రక్త క్యాన్సర్ కొంతకాలం తగ్గుముఖం పట్టిందని బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. ఆ ఏడాదే సుబ్బారావు గారు కన్నుమూశారు.

మా వాడి మనవరాలు వారానికోసారి మింగేది ఆ మెథోట్రెక్సేటే. జబ్బు కణాలు ఆగకుండా నకళ్లు రాసుకుంటాయి కాబట్టి దెబ్బ వాటికి గట్టిగా తగులుతుంది. నోటి లోపలి మంచి కణాలకూ కొంత తగులుతుంది, నోటిపూత అందుకే. పరీక్షకు దొరకని నాలుగు కణాలు మిగిలినా మళ్లీ రాత మొదలుపెడతాయి. అందుకే పిల్ల ఆడుకుంటున్నా సరే, డాక్టరు ఆపమనేదాకా ఆపకూడదు. వారానికోసారి వేయమన్నది పొరపాటున రోజూ వేస్తే ప్రాణానికే ముప్పు.

వాడు మానలేదు. పోయిన నెల డాక్టరుగారే మాత్రలు ఆపించారు. పరీక్షలకు ఇంకా తిప్పుతూనే ఉండాలి. పిల్ల ఒకటో తరగతిలో చేరింది.