తీరం వెంట నడవాలంటే



మా ఇల్లు హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో. కిటికీ తెరిస్తే అద్దాల మేడలు, అవుటర్ రింగురోడ్డు. విశాఖపట్నం సముద్రం చూడాలంటే 600 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి. అలాంటి చోట ఉంటూ, వీపున సంచి తగిలించుకుని సముద్రపు ఒడ్డున రెండు వారాలు నడుస్తానంటే మా ఇంట్లో నవ్వారు. మీరూ నవ్వుతారేమో! ముందు నేను చేసిన పొరపాటు చెబుతాను, ఆ తరవాత నవ్వుదురుగాని.

రెండేళ్ళ కిందట ఫిబ్రవరి నెలాఖరున నేనూ, మా పక్కవాటా వదినగారూ విశాఖ రామకృష్ణా బీచి నుంచి భీమునిపట్నం దాకా నడుద్దామని బయల్దేరాం. పటంలో చూస్తే 30 కిలోమీటర్లు కూడా లేదు. ఒక్క రోజు పనేగా అనుకున్నాం. సంచిలో పులిహోర, జంతికలు, దుప్పట్లు, మార్చుకునే చీరలు, ఆఖరికి ఆవకాయ సీసాతో సహా సంసారమంతా సర్దాం. నీళ్ళు మాత్రం మనిషికో సీసా!

ఎండెక్కింది. పొడి ఇసుకలో అడుగు వేస్తే పాదం దిగబడుతోంది. "కాస్త ఆగుదామే" అని వదినగారు రెండుసార్లు అన్నారు. "ఇంకెంత దూరం, పదండి" అన్నాను నేను. తొట్లకొండ కింద మంగమారిపేట చేరేసరికి ఆవిడకు పిక్కలు పట్టేసి, కళ్ళు తిరిగి ఇసుకలోనే కూలబడ్డారు. నా గుండె ఆగినంత పనైంది. అక్కడి మత్స్యకారుల ఇంటావిడ ఒకామె మమ్మల్ని నీడకు చేర్చి, ఉప్పేసిన గంజి తాగించి ప్రాణం పోసింది. ఆ సాయంత్రమే బస్సెక్కి తిరిగొచ్చేశాం.

తొట్లకొండకు ఆ పేరెలా వచ్చిందో తరవాత తెలిసింది. కొండరాతిలో తొలిచిన నీటి తొట్లవల్లనట. రెండువేల ఏళ్ళ కిందట అక్కడ కాపురమున్న బౌద్ధ భిక్షువులు నీటి సంగతి చూసుకున్నారు. మేమేమో ఆవకాయ సంగతి చూసుకున్నాం!

అప్పటినుంచీ పటం ముందు పెట్టుకుంటే నేను మొదట వెతికేది ఆగే చోట్లే. నీళ్ళెక్కడ, నీడెక్కడ, బస్సు దొరికే రోడ్డెక్కడ, రాత్రి తలదాచుకునే ఊరెక్కడ అన్నవి గుర్తు పెట్టుకున్నాకే దూరం లెక్క.

ఈసారి విశాఖ నుంచి కళింగపట్నం దాకా వెళ్ళాలని. సుమారు 120 కిలోమీటర్లు. రోజుకు 12 చొప్పున పది రోజుల నడక, రెండు రోజులు విశ్రాంతి, నదుల దగ్గర చుట్టు తిరగడానికి మరో రెండు రోజులు. మొత్తం 14. నదులెందుకంటారా? భీమిలి దగ్గర గోస్తని, కోనాడ దగ్గర చంపావతి, ఆ పైన నాగావళి సముద్రంలో కలుస్తాయి. పటంలో సన్నని గీతలే గాని, నదీ ముఖం దగ్గర కాలుపెట్టి దాటబోతే ప్రాణానికే ముప్పు. లోపలికి నడిచి వంతెన మీదుగానే దాటాలి. అలాగే భీమిలి దారిలో నౌకాదళంవారి ఐఎన్‌ఎస్ కళింగ ఉంది. అక్కడ ఒడ్డు వదిలి రోడ్డు పట్టుకోవాలి.

ప్రయాణం సంక్రాంతి వెళ్ళాకే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల భయం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. మార్చి దాటితే ఎండలు.

సముద్రానికి రోజూ రెండు పోట్లు, రెండు ఆట్లు. ఆటు సమయంలో తడి ఇసుక గట్టిగా ఉంటుంది, నడక సుఖం. ఆ వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్యకూ, పున్నమికీ పోటు ఎక్కువ. కనుక మన పంచాంగం ఇక్కడా పనికొస్తుంది. పెద్ద అలల హెచ్చరికలు ఇచ్చే కేంద్రం, ఇన్‌కాయిస్ అంటారు, సముద్రమే లేని మన హైదరాబాదులోనే, ప్రగతినగర్‌లో ఉంది. వింతగా లేదూ?

ఇక సంచి. నీళ్ళతో కలిపి ఎనిమిది కిలోలు మించకూడదని నియమం పెట్టుకున్నాను. రెండు జతల నూలు బట్టలు, దుప్పటి, టార్చి, టోపీ, అటుకులు, బెల్లం, వేరుశనగపప్పు. నీళ్ళు మనిషికి మూడు లీటర్లు, దారిలో ఊరు కనబడినప్పుడల్లా నింపుకోవాలి. ఓఆర్‌ఎస్ పొట్లాలు మరవకండి. అవి లేకపోతే లీటరు కాచిన నీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలగొట్టి వేసి కలుపుకోండి. రాత్రిపూట ఒడ్డున టార్చి వేయకండి. ఆ నెలల్లో తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, వెలుగు చూస్తే బెదురుతాయి.

సాధన ఇక్కడే మొదలుపెట్టాను. సంచిలో బియ్యం పోసుకుని మా మేడమెట్లు ఎక్కి దిగుతున్నాను. మొదట రెండు కిలోలు, ఇప్పుడు ఆరు. వాచ్‌మన్ నన్ను చూసి, లిఫ్టు చెడిపోయిందేమోనని పరుగెత్తుకొచ్చాడు!

అన్నిటికంటే కష్టమైంది ఇంటి ఏర్పాటు. పాలు, గ్యాసు, మావారి బి.పి. మాత్రలు అన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. కిందటి వారం ఒకరోజంతా వంటింట్లోకి వెళ్ళకుండా కూర్చున్నాను. అన్నం కాస్త మెత్తబడింది, అంతే. ఇల్లేం మునిగిపోలేదు.

వదినగారు మొదట రానన్నారు. ఆవిడ్ని తప్పుపట్టలేను. చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు: ఇద్దరిలో ఎవరు "ఆగుదాం" అన్నా, ఎందుకని అడక్కుండా రెండోవారు ఆగాలి. ఆ మాట మా కాగితంలో అన్నిటికంటే పైన రాసుకున్నాం.