విశ్వవిద్యాలయ పాఠములు అందరికిని అందవలెను
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో ఒక విశ్వవిద్యాలయ అధ్యాపకుడు చేసిన ప్రసంగము)



విశ్వవిద్యాలయమును గురించి గ్రామ పంచాయతీ సభ్యుల యెదుట మాట్లాడుట కొందరికి వింతగా తోచవచ్చును. వీధి దీపములు, మంచినీటి కుళాయిలు, మురుగు కాలువలు, వీనితోనే మీకు పొద్దు చాలదని నేనెరుగుదును. కాని మా తరగతులలో కూర్చున్నవారు మీ పిల్లలే. పూర్వము పట్టణము చేరిన విద్యార్థి గ్రంథాలయమునకు పోయి పుస్తకము తీసి చదువుకొనెడివాడు. నేడు ప్రవేశపు దరఖాస్తు మొదలు పరీక్షా ఫలితము వరకు సర్వమును కంప్యూటరు తెరమీదనో సెల్‌ఫోను తెరమీదనో జరుగుచున్నది. ఆ తెర యెవరికి అందదో వారికి విశ్వవిద్యాలయపు తలుపు మూసియున్నట్లే.

ఈ సంగతి నాకు తెలిసివచ్చినది నా తప్పిదము వలననే. కొన్ని సంవత్సరముల క్రిందట పాత పుస్తకములోని 40 పుటలను స్కాను చేసి, పి.డి.యఫ్.గా మార్చి, విద్యార్థులందరికిని పంపినాను. గొప్ప సహాయము చేసితినని సంతోషించినాను. మరునాడు ఒక అంధ విద్యార్థి నా గదికి వచ్చినాడు. చిన్న రైతు కుటుంబమువాడు. ఊరినుండి వచ్చి హాస్టలులో ఉండి చదువుకొనుచున్నాడు. "సార్, మీరు పంపినది ఖాళీగా ఉన్నదండీ" అన్నాడు. మరల పంపినాను. మరల ఖాళీయే అన్నాడు. నాకు కొంత విసుగు కలిగినమాట దాచను. అప్పుడతడు తన కంప్యూటరును నా బల్లమీద పెట్టి మీట నొక్కినాడు. నా కన్నులకు నిండుగా కనబడుచున్న పుటను చూచి ఆ యంత్రము "ఖాళీ పత్రము" అని ఇంగ్లీషులో పలికినది. పరీక్షకు అప్పటికి 12 రోజులున్నవి.

ఇందులోని కిటుకు చెప్పెదను. అంధులు కంప్యూటరును చెవితో చదివెదరు. తెరమీది అక్షరములను పైకి చదివి వినిపించు సాధనమును స్క్రీన్ రీడర్ అందురు. ఇట్టివానిలో ఎన్.వి.డి.ఎ. అను దానిని ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అను యువకుడు 2006లో ఆరంభింపగా, జేమ్స్ టే అను మరియొక యువకుడు అతనితో చేరినాడు. ఇద్దరును అంధులే. దానిని ఎవరైనను ఉచితముగా పొందవచ్చును. తెలుగును కూడ చదువును. మీ జేబులలోని ఆండ్రాయిడ్ ఫోనులలో సైతము టాక్‌బ్యాక్ అను పేర ఇట్టి యేర్పాటు కలదు. (ఇంటికి పోయి పరీక్షించువారికి ఒక హెచ్చరిక: అది పనిచేయుచున్నంతసేపు ప్రతి గుర్తును తాకిన పిదప రెండుమార్లు తట్టవలెను. ఇది తెలియక ఫోను చెడినదని బజారుకు పరుగెత్తినవారిని నేనెరుగుదును.)

స్క్రీన్ రీడర్ చదువునది అక్షరములను; అక్షరముల ఫోటోను కాదు. బియ్యపు బస్తా ఫోటోను గోడకు తగిలించినంత మాత్రాన పొయ్యిమీద అన్నముడుకదు గదా! నేను పంపిన 40 పుటలు అట్టి ఫోటోలే.

మన తెలుగునకు మరియొక చిక్కు గలదు. చాలకాలము మన ముద్రణాలయములలోను, కార్యాలయములలోను వాడిన పాత ఫాంటులలో కంటికి కనబడునది తెలుగు, కంప్యూటరు లోపల నుండునది ఇంగ్లీషు అక్షరముల కలగూరగంప. 'గ్రామసభ' అని మనము చూచుచోట యంత్రము అర్థములేని గుర్తులను పలుకును. యూనికోడ్ అను పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరమునకు ప్రపంచమంతటికిని ఒకే సంఖ్య యుండును. ఆ పద్ధతిలో టైపు చేసినదానినే యంత్రము సరిగా చదువగలదు. 1991 నాటి మొదటి యూనికోడ్ గ్రంథములోనే తెలుగునకు స్థానము లభించినది. అయినను నేటికిని కొన్నిచోట్ల పాత ఫాంటులతోనే పాఠములు తయారగుచున్నవి. ఇది డబ్బులేక జరుగు లోపము కాదు, అలవాటు వదలక జరుగునది.

అక్షరములు సరియైనంతనే పని ముగియదు. పటమున్నచోట ఆ పటములో ఏమున్నదో రెండు వాక్యములలో వ్రాయవలెను. శీర్షికను లావు అక్షరములతో చూపుట చాలదు, అది శీర్షికయని కంప్యూటరునకు తెలుపవలెను; అప్పుడే అంధుడు ఒక శీర్షికనుండి మరియొక శీర్షికకు దుమికి తనకు కావలసినచోటు చేరగలడు. చేతులు వణకువారు మౌస్ పట్టలేరు. వారికి మీటలతోనే పని జరుగవలెను. బధిరులకు వీడియో పాఠములోని మాటలు తెర అడుగున అక్షరములుగా కనబడవలెను. ఈ నియమములనన్నిటిని ప్రపంచ వెబ్ సంఘమువారు 1999లోనే గ్రంథస్థము చేసి, 2008, 2018, 2023 సంవత్సరములలో సవరించి ప్రకటించినారు.

ఇచ్చట అమెరికాలో జరిగిన ఒక సంగతి చెప్పవలసియున్నది. కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమువారు తమ ఉపన్యాసములను వేలకొలదిగా వీడియోలు తీసి లోకమంతటికి ఉచితముగా ఉంచినారు. వానిలో అనేకమునకు సరియైన అక్షరానువాదము లేదు. బధిరులు ఫిర్యాదు చేయగా, 2016లో అమెరికా న్యాయశాఖవారు విచారించి అది చట్టవిరుద్ధమని తెలిపినారు. విశ్వవిద్యాలయమువారు చేసినదేమి? 2017లో 20,000 పైచిలుకు వీడియో, ఆడియో పాఠములను ప్రజలకు అందకుండ తొలగించినారు. బావికి మెట్లు కట్టుడని అడిగినందుకు బావినే పూడ్చినట్లయినది! చివరకు 2022లో న్యాయశాఖతో ఒడంబడిక చేసికొని, తమ పాఠములను అందరికిని అందునట్లు సవరించుటకు అంగీకరించినారు. వేలకొలది పాఠములను తరువాత సరిదిద్దుట భారమే, కాదనను. పాఠము తయారుచేయునాడే ఆలోచించియున్నచో ఆ భారము ఇంత పెరిగెడిది కాదు.

మన దేశమున 2016 సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో నున్నది. అది 21 విధములైన వైకల్యములను గుర్తించినది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలలో 40 శాతమునకు తక్కువ గాని వైకల్యము గలవారికి కనీసము 5 శాతము సీట్లు కేటాయింపవలెను. ముద్రిత, శ్రవ్య, ఎలక్ట్రానిక్ సమాచారము వారికి అందు రూపమున నుండునట్లు ప్రభుత్వములు చూడవలెను. అయితే దీనికై ఏర్పడిన నియమములు కేవలము సలహాలవలె నుండుట చెల్లదని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యములో దేశస్థితిని పరిశీలించి కోర్టునకు నివేదిక సమర్పించినది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు కేంద్రమే. 2025 ఏప్రిల్‌లో మరియొక తీర్పునందు, డిజిటల్ సేవలు అందుట జీవించు హక్కులోని భాగమేయని అదే న్యాయస్థానము పలికినది.

పుస్తకమును మార్చినచో గ్రంథకర్త హక్కునకు భంగము గదా యని కొందరు అధ్యాపకులు జంకుదురు. ఆ భయము అక్కరలేదు. 2012లో సవరించిన కాపీరైటు చట్టము, దివ్యాంగుల కొరకు పుస్తకమును వారికి అనువగు రూపములోనికి మార్చుటను అనుమతించుచున్నది.

ఇంతచేసి ఫలమేమని యడుగువారికి బొల్లా శ్రీకాంత్ చరిత్ర తెలిసియుండవచ్చును. మచిలీపట్నము ప్రాంతమందలి సీతారామపురములో పుట్టిన అంధుడు. పదవ తరగతి పిదప సైన్సు చదువగోరగా, బొమ్మలును గ్రాఫులును చూడలేనివారికి ఆ చదువు లేదని నాటి నియమములు అడ్డగించినవి. ఆయన హైకోర్టునకు పోయి అనుమతి పొందినాడు. పాఠ్యపుస్తకములను శబ్దరూపమున వినుచు చదివి 98 శాతము మార్కులు తెచ్చుకొన్నాడు. ఆ పిదప అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి, తిరిగివచ్చి, 2012లో హైదరాబాదున పరిశ్రమ స్థాపించి దివ్యాంగులకు పని కల్పించినాడు. కోర్టు అనుమతి యిచ్చినది సరే, పుస్తకములు చెవికి అందకపోయినచో ఆ అనుమతితో ఆయన చేయగలిగిన దేమి?

కావున మీ గ్రామమున కళాశాల వయస్సు వచ్చిన దివ్యాంగ బాలబాలికలు ఉన్నచో, వారి తల్లిదండ్రులతో మాటలాడుడు. యు.డి.ఐ.డి. కార్డు చేతికి వచ్చినదో లేదో విచారింపుడు. కళాశాలలో చేరునాడే తమకు ఏ రూపమున పాఠములు కావలయునో వ్రాతపూర్వకముగా అడుగుమని చెప్పుడు. మొగమాటముచేత అడుగకుండ చదువు మానివేసినవారిని నేను చూచినాను, ముఖ్యముగా ఆడపిల్లలను.

మరియొక మాట. గ్రామసభ నోటీసును కాగితముమీద వ్రాసి, ఫోటో తీసి, వాట్సాప్ గ్రూపులో పెట్టుట మీకును అలవాటే గదా? ఆ ఫోటో క్రింద అదే సంగతిని నాలుగు పంక్తులలో టైపు చేయించుడు. లేదా మాటతో చెప్పి పంపుడు. చూపు మందగించిన వృద్ధులు, చదువురాని తల్లులు కూడ వినగలుగుదురు.

నా 40 పుటల సంగతి చెప్పక విడిచితిని. యంత్రముచేత ఆ ఫోటోలలోని అక్షరములను గుర్తింపజేసితిమి గాని, పాత అచ్చు కావుటచే ఒత్తులన్నియు తారుమారైనవి. అతని సహపాఠులు నలుగురు పుటలు పంచుకొని, రాత్రులు కూర్చుండి దిద్దినారు. తొమ్మిదవనాటికి పని పూర్తియైనది. అతనికి చదువుకొనుటకు మిగిలినవి 3 రోజులు. పరీక్షలో ఉత్తీర్ణుడైనాడు. కాని తక్కినవారికి 12 రోజులిచ్చి అతనికి మూడే యిచ్చినవాడను నేను. ఇప్పుడు ఏ పాఠమునైనను పంపుటకు ముందు, కన్నులు మూసికొని ఒకసారి యంత్రముచేత చదివించుకొని వినుచున్నాను.