గన్‌ఫౌండ్రీ కథీడ్రల్: చరిత్రను ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆబిడ్స్‌కూ నాంపల్లికీ కూతవేటు దూరంలో, గన్‌ఫౌండ్రీలో ఉన్న పునీత జోజప్ప కథీడ్రల్ గురించి ఎవరిని అడిగినా ముందుగా గడియారం సంగతే చెబుతారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని కానుకగా ఇచ్చాడంటారు. నిజమే. అయితే ఆ కానుక 1953 నాటిది, గుడికి పునాదిరాయి పడింది 1870లో. ఎనభై ఏళ్ళు దాటాక వచ్చిన వస్తువు దగ్గర కథ ఎత్తుకుంటే ఆ ఎనభై ఏళ్ళ మనుషులు మరుగున పడిపోతారు. ఈ గుడి ఏ ప్రభువు ఔదార్యానికీ గుర్తు కాదనీ, బడితోనూ అనాథాశ్రమంతోనూ కలిసి విడతలు విడతలుగా పెరిగిందనీ నేను వాదించదలచుకున్నాను.

ముందు నేల సంగతి చూద్దాం. ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం సైన్యానికి తోపులు పోయించడానికి 1786లో ఇక్కడ పెట్టిన కార్ఖానా పేరే ఈ పేటకు మిగిలింది. 1798లో నిజాం ఇంగ్లీషు కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకోవడంతో ఫ్రెంచి పటాలాలు రద్దయ్యాయి. ఆ తర్వాత మూసీకి ఉత్తరాన, కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ ఛాయలో, ఈ పేటను కూడా కలుపుకుని, చాదర్‌ఘాట్ ప్రాంతం కొత్త బస్తీగా ఎదిగింది. ఆ చాదర్‌ఘాట్‌లోనే 1869లో ఫాదర్ ఆంటోనియో తాల్యాబ్యూ స్థలం సంపాదించాడు. ఆ ఆవరణలో అనాథాశ్రమం, మఠం, బడి పని కూడా అప్పుడే మొదలైంది. మరుసటి ఏడు జోజప్ప పండుగనాడు గుడికి పునాది వేశారు. 1875 క్రిస్మస్‌కు గానీ అందులో పూజ జరగలేదు. ముఖభాగం, గంటల బురుజులు 1891 దాకా పూర్తి కాలేదు, ఇటలీ నుంచి తెప్పించిన అయిదు గంటలు ఆ మరుసటి ఏడు ఎక్కాయి. ఇరవై రెండేళ్ళ పని ఇది. ఖజానా తలుపులు తెరిచిన కట్టడం ఇంత నిదానంగా సాగదు. చేతికి అందినప్పుడు కొంత, అందినప్పుడు కొంత కట్టుకుంటూ పోయిన తీరు ఆ తేదీల్లోనే కనిపిస్తుంది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. రెసిడెన్సీ నీడన వెలసిన గుడి తెల్లదొరల గుడి కాక మరేమవుతుందని అడుగుతారు. రెసిడెన్సీ రక్షణ లేకపోతే అక్కడ మిషన్ అంత నిశ్చింతగా నిలదొక్కుకునేది కాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ సికింద్రాబాద్‌తో పోల్చి చూడండి. అక్కడి సెయింట్ మేరీస్ గుడి 1850లో ఇంగ్లీషు దండు (కంటోన్మెంటు) మధ్య, ఐరిష్ బిషప్ డేనియల్ మర్ఫీ కాలంలో లేచింది. దండులోని కతోలిక సిపాయిల అవసరం దాని వెనుక ఉంది. గన్‌ఫౌండ్రీ గుడి కట్టినవారు మిలాను మిషన్ గురువులు, ఇటాలియన్లు. 1855 నుంచి ఈ ప్రాంతంలో పనిచేస్తున్నవారు. ఇంగ్లీషు ప్రభుత్వపు మతం ఆంగ్లికన్, వీరిది రోమా పీఠం. పైగా దండు వదిలి నిజాం నగరంలోకి రావడమే వారు చేసుకున్న ఎంపిక. సిపాయిల కోసమే అయితే ఇక్కడ అనాథాశ్రమంతో పనేముంది?

నిజాం అనుమతి లేనిదే ఇటుక మీద ఇటుక నిలిచేదా అన్నది రెండో అభ్యంతరం. నిలిచేది కాదు. కానీ అనుమతి వేరు, నిర్మాణం వేరు. పైగా ఉస్మాన్ అలీ ఖాన్ గడియారం ఇచ్చేనాటికి ఆయన రాజ్యం పోయి అయిదేళ్ళయింది, అప్పుడాయన రాజ్‌ప్రముఖ్, అంటే రాష్ట్రానికి లాంఛన అధిపతి మాత్రమే. ఆ కానుకలో పరమతం పట్ల గౌరవం ఉంది, దాన్ని తక్కువ చేయను. ఏలికగా చేసిన ధర్మం మాత్రం కాదది. అదే 1953లో అంతకన్నా పెద్ద మార్పు జరిగింది. 1886లో మేత్రాసనం (డయోసిస్) అయిన హైదరాబాద్ అగ్రమేత్రాసనం (ఆర్చ్‌డయోసిస్) అయింది, మొదటి అగ్రపీఠాధిపతిగా జోసెఫ్ మార్క్ గోపు వచ్చాడు. కప్రోత్తి, విస్మారా, బెరెత్తా లాంటి మిలాను గురువులు కూర్చున్న పీఠం భారతీయుడి చేతికి వచ్చింది. ఈ మార్పును గడియారం కింద రాసుకోవడం మనం చేస్తున్న అన్యాయం.

పీఠాధిపతుల వరుస వేరు, కట్టడం చరిత్ర వేరు కదా అని వాస్తు చరిత్రకారులు అనవచ్చు. మామూలు గుడి విషయంలో ఆ మాట చెల్లుతుంది, కథీడ్రల్‌కు చెల్లదు. బిషప్ పీఠం ఉండటమే దాన్ని తక్కిన గుడులనుంచి వేరుచేసేది. 2021 జనవరిలో ఆ పీఠమెక్కిన పూల అంతోని కర్నూలు సీమవాడు, దళిత కుటుంబంలో పుట్టినవాడు. 2022 ఆగస్టు 27న పోపు ఫ్రాన్సిస్ ఆయన్ను కార్డినల్‌ను చేశారు. తెలుగువారిలో ఆ హోదా అందుకున్న మొదటివాడు, దళితుల్లోనూ మొదటివాడు. చాదర్‌ఘాట్ అనాథాశ్రమం దగ్గర కథ ఎత్తుకున్న చరిత్రకారుడికి 2022 ఎక్కడినుంచో ఊడిపడినట్టు ఉండదు.