పేట లారీ ఆఫీసు, అట్లాంటా లోడ్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి చాలామంది “అమెరికాలో ఏం చేస్తున్నావమ్మా” అని అడిగారు. సాఫ్ట్‌వేరు కాదంటే కొంచెం నిరాశపడ్డారు. లారీలకు లోడ్లు చూసిపెడతానంటే మాట మార్చి పిల్లల గురించి అడిగారు. కార్యదర్శిగారు మాత్రం “అదే మాట్లాడు, మన పిల్లలు కొందరు హైదరాబాదులో కూర్చుని రాత్రిపూట ఆ పనే చేస్తున్నారు” అన్నారు. అందుకే ఈ ప్రసంగం.

మా నాన్న చిలకలూరిపేటలో లారీ ఆఫీసు గుమాస్తా అని మా బ్యాచి వాళ్లకు తెలుసు. సరుకుదారుతో కిరాయి మాట్లాడి, సీరియల్లో ముందున్న లారీని పిలిచి, అడ్వాన్సు ఇప్పించి, బిల్టీ రాసేవాడు. నేను చేసేదీ పైకి అలాగే కనిపిస్తుంది. కానీ ఒక పెద్ద తేడా ఉంది. పేట ఆఫీసు సరుకుదారుకీ లారీకీ మధ్యలో ఉంటుంది. అమెరికాలో ఆ మధ్య మనిషిని బ్రోకరు అంటారు. ఆయనకు ఫెడరల్ ప్రభుత్వ లైసెన్సు, 75,000 డాలర్ల బాండో ట్రస్టు నిధో ఉండాలి. డిస్పాచరు కూర్చునేది లారీ యజమాని పక్కన. యజమాని తరఫున లోడు వెతుకుతాడు, కిరాయి బేరమాడతాడు, కాగితాలు చూస్తాడు. జీతం లేదు. కిరాయిలో 5 నుంచి 10 శాతం దాకా యజమాని ఇస్తాడు.

అక్కడ ఇలాంటి మనిషి అవసరమేమిటంటే, రవాణా కంపెనీల్లో 90 శాతానికి పైగా పది లారీలలోపు వాళ్లే. చాలామందికి ఉన్నది ఒక్క లారీ, దాన్ని నడిపేదీ తనే. స్టీరింగు పట్టుకుని ఫోనులో బేరమాడలేడు కదా.

డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉన్న కొందరు భార్యలకు 2015లో పనిచేసుకునే వీలు వచ్చింది. నాకూ వచ్చింది. బీకాం చదువు, నాన్న ఆఫీసులో విన్న మాటలు తప్ప చేతిలో ఏమీ లేవు. పెట్టుబడి అంటారా, ఒక కంప్యూటరు, ఒక ఫోను, లోడ్‌ బోర్డు నెల చందా. లోడ్‌ బోర్డంటే ఎక్కడ ఏ సరుకు ఉందో బ్రోకర్లు పెట్టే జాబితా. కష్టమంతా మొదటి లారీ దొరకడంలోనే. అట్లాంటా చుట్టుపక్కల ట్రక్ స్టాపుల్లో టీ కప్పు పట్టుకుని తిరిగాను. చీర కట్టుకుని కాదులెండి. ఇరవై మంది నవ్వి పంపేశాక ఒకాయన, సొంత లారీ ఆయనే, “ఒక వారం చూద్దాం” అన్నాడు. ఆయనతో ముందు ఒప్పందం రాసుకున్నాను. నా శాతం ఎంత, ఏ లోడైనా ఆయన ఒప్పుకున్నాకే ఖాయం, కిరాయి డబ్బు నేరుగా ఆయనకే వస్తుంది. డబ్బు మన చేతిలోంచి వెళ్లడం మొదలైతే బ్రోకరు పని చేస్తున్నారన్న ప్రశ్న వస్తుంది. 2023లో అక్కడి రవాణా శాఖ ఇచ్చిన వివరణలో కూడా ఇది ముఖ్యమైన గుర్తు.

ఇక లెక్క. మన లెక్కల మాస్టారు కాలం, దూరం లెక్కలు చేయిస్తుంటే ఇవి ఎందుకు పనికొస్తాయని అడిగిన వాళ్లు ఇక్కడే ఉన్నారు. వినండి. అట్లాంటా నుంచి మయామికి సుమారు 660 మైళ్లు. 1,980 డాలర్ల లోడు వచ్చిందనుకోండి. మైలుకు 3 డాలర్లు, బ్రహ్మాండం. కానీ సరుకు ఎత్తడానికి ఖాళీగా 60 మైళ్లు వెళ్లాలి. పైగా ఫ్లోరిడాలోకి వెళ్లే సరుకు ఎక్కువ, కూరగాయల సీజను తప్పిస్తే బయటికొచ్చేది తక్కువ. తిరుగు లోడు 660 డాలర్లకే దొరికిందంటే మొత్తం 2,640 డాలర్లు, 1,380 మైళ్లు. మైలుకు 1.91. డీజిలు, టైర్లు, ఇన్సూరెన్సు, లారీ వాయిదా అన్నీ అందులోంచే. మిర్చి సీజనులో గుంటూరు యార్డు నుంచి బయలుదేరే లారీకి కిరాయి కంటే ముందు “రిటర్ను ఉందా” అని మా నాన్న ఎందుకు అడిగేవాడో నాకు అక్కడికి వెళ్లాక అర్థమైంది.

కిరాయి కంటే ముఖ్యమైనది డ్రైవరు గడియారం. అక్కడ 10 గంటల విశ్రాంతి తరవాత డ్యూటీ ఎక్కితే 14 గంటల లోపల 11 గంటలే నడపాలి. 8 గంటలు నడిపాక అరగంట ఆగాలి. 2017 డిసెంబరు నుంచి చాలా లారీల్లో ఇంజనుకు తగిలించిన ఎలక్ట్రానిక్ పెట్టె ఇది రాసుకుంటుంది.

మొదటి ఏడాది ఒక రోజు నా డ్రైవరు ఉదయం 6కి డ్యూటీ ఎక్కి 8కి గోడౌన్ దగ్గర ఉన్నాడు. సరుకు దింపేసరికి మధ్యాహ్నం 3 దాటింది. అక్కడికి 150 మైళ్ల దూరంలో సాయంత్రం 7కి తరవాతి లోడు ఎత్తాలి, తెల్లారేసరికి 400 మైళ్లు వెళ్లాలి. రాత్రి 8కి ఆయన 14 గంటలు అయిపోతాయి. పొద్దున్న బయలుదేరతాడని చెప్పాను. బ్రోకరు ఒప్పుకోలేదు. లాగులో సొంత పనిమీద తిరిగినట్టు రాసుకోమన్నాడు, లేకపోతే ఇక మీకు లోడ్లు ఉండవన్నాడు. అది నేను ఊహించినదే. ఊహించనిది డ్రైవరు కూడా “వెళ్తాను, వాయిదా కట్టాలి” అనడం. మా నాన్న నిద్రలేని డ్రైవరుకు బిల్టీ ఇచ్చేవాడు కాదు. ఆఫీసు వెనక గదిలో గోతాలు పరిచి పడుకోబెట్టేవాడు, ఓనరు అరిచినా సరే. నేను లోడు వదిలేశాను. మర్నాడు దొరికింది 350 డాలర్లు తక్కువ. డ్రైవరు రెండు రోజులు నాతో ముభావంగా మాట్లాడాడు. అయితే రేటు కన్ఫర్మేషన్ కాగితంలో రెండు గంటలు దాటాక గంటకు 50 డాలర్లు హాల్టింగని ముందే రాయించాను, గోడౌన్‌కు వచ్చిన టైము, వదిలిన టైము బిల్లు మీద వేయించమని పొద్దున్నే చెప్పాను. 250 డాలర్లు నలభై రోజులకు వచ్చాయి. ఆయన లారీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఇంకో మూడు కూడా చేరాయి.

హైదరాబాదు నుంచి ఈ పని చేసే మన పిల్లలకు రెండు మాటలు. “నెలకు లక్షలు” అని కోర్సులు అమ్మేవాళ్లకు డబ్బు కట్టకండి. అందులో చెప్పేదంతా ఏ డ్రైవరైనా ఉచితంగా చెబుతాడు. ఒక బ్రోకరు దగ్గర తీసుకున్న లోడును ఇంకో లారీకి తక్కువకు అమ్మమని మీ ఆఫీసు చెబితే ఆ ఉద్యోగం మానేయండి. దాన్ని డబుల్ బ్రోకరింగ్ అంటారు. చట్టవిరుద్ధం. చివరికి సరుకు మోసిన వాడికి కిరాయి రాదు, ఆ ఒక్క లారీవాడి వాయిదా తప్పుతుంది. ఫోనులో పేరు మార్చుకుని అమెరికన్ పేరు చెప్పమంటారట కూడా. నేను నా పేరే చెబుతాను. పలకలేక తంటాలు పడతారు, కానీ మర్చిపోరు.

నేను ఈ నెల 20 దాకా ఊళ్లోనే ఉంటాను. ఈ పని నిజంగా చేయాలనుకునే వాళ్లు సాయంత్రం 7 తరవాత మా ఇంటికి రండి. అప్పటికి అట్లాంటాలో తెల్లారుతుంది, నేను లోడ్‌ బోర్డు తెరుస్తాను, పక్కన కూర్చుని చూడొచ్చు. ఫీజు లేదు. టీ మా అమ్మ ఇస్తుంది.