మధిర మీదుగా వెళ్ళే పాసింజరు

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ దర్శనానికి రైల్లో వచ్చేవారు దిగేది ఎక్కువగా మధిరలోనే. కాజీపేట–విజయవాడ పాసింజర్లు ఖమ్మం దగ్గర మున్నేరు దాటి, మిరప, పత్తి చేల నడుమ ప్రతి చిన్న స్టేషనులో ఆగుతూ సాగేవి. కిటికీ పక్కన కూర్చుంటే ఈ మెట్టసీమ అందమంతా కళ్ళ ముందు కదిలేది.

2020 మార్చిలో కరోనా వల్ల దేశమంతటా పాసింజర్లు నిలిచిపోయాయి. తిరిగి నడిచినప్పుడు చాలావాటికి ఎక్స్‌ప్రెస్ పేరు తగిలించారు. పది రూపాయల కనీస టికెట్టు ముప్పై అయింది. కూలి పనులకు పోయేవారికి, కూరగాయల గంపలతో ఎక్కే ఆడవాళ్ళకు అది పెద్ద దెబ్బే. 2024 ఫిబ్రవరిలో పాత ధర తిరిగొచ్చింది, సంతోషమే.

ఇదే దారిలోని మోటమర్రి స్టేషను నుంచి జగ్గయ్యపేట వైపు కూడా పట్టాలున్నాయి. వాటిమీద ప్రధానంగా నడిచేవి సిమెంటు గూడ్సులు. అక్కడా ఒక పాసింజరు నడపాలి.